ఇదిగో అంటే పలికే ఇల్లు

మేడ మీద వాటా,
వానలు మొదలైన వారం

ఏమోయ్ బావమరిదీ,

నేను ఫోను ఎత్తడం లేదేమిటని మా నర్సమ్మని వాకబు చేశావట. ఫోను మానేశాను. ఇక మీదట మన సంగతులన్నీ కాగితం మీదే. అతికించిన కవరు లోపలి మాట వినే మిషను ఇంకా పుట్టలేదు.

ఇదంతా నీ చలవే. మేం ఈ ఇంట్లోకి మారినప్పుడు మీ షాపు నుంచి ఒక మాట్లాడే డబ్బా తెచ్చి, బల్ల మీద పెట్టి, ఫొటో తీయించుకుని మరీ వెళ్ళావు. లైటు వెయ్యమంటే వేసేది, కర్టెన్ తియ్యమంటే తీసేది. బాగానే ఉంది. మొన్న సాయంత్రం ఒంటినిండా సబ్బు రుద్దుకుని బాత్రూంలో ఉండగా లైటు ఆరిపోయింది. వెయ్యమని అరిచాను. "ప్రస్తుతం కంపెనీతో సంబంధం కుదరడం లేదు, కాసేపాగి ప్రయత్నించండి" అంది డబ్బా. కరెంటు ఉంది, బల్బు ఉంది, సబ్బుతో నేనున్నాను. ఇంకెవరితో సంబంధం కుదరాలి? మీ అక్కయ్య బయట స్విచ్చు నొక్కి నొక్కి విసిగిపోయింది. ఆ బల్బుకి మీవాళ్ళు కంపెనీ మాట తప్ప స్విచ్చు మాట వినొద్దని నేర్పారట. చివరికి కొవ్వొత్తి తెచ్చి తలుపు సందులోంచి అందించింది.

కంపెనీవాడికి ఫోను చేస్తే ఏమన్నాడో తెలుసా? నా మాట సముద్రం అవతల వాళ్ళ పెద్ద కంప్యూటరు దాకా వెళ్ళాలట. అది విని, అర్థం చేసుకుని, జవాబు పంపితేగాని నా బాత్రూంలో లైటు వెలగదట. గోడలకి చెవులుంటాయని మనవాళ్ళు అననే అన్నారు. ఉంటే ఉండనీ, మన గోడలకే ఉండాలి గాని ఆ చెవులు సముద్రం అవతల ఉంటే ఎలాగయ్యా?

కాబట్టి నేనే ఒక పెట్టె తయారు చేస్తున్నాను. క్లినిక్కులో అపాయింట్‌మెంట్లు రాసుకునే పాత కంప్యూటరు ఒకటి మూల పడి ఉంది, అదే దానికి బుర్ర. ఇంట్లోనే ఉంటుంది, ఇంట్లోనే వింటుంది, ఇంట్లోనే ఆలోచిస్తుంది. బయటికి వెళ్ళే వైరు ఒక్కటీ ఉండదు. ఇన్నేళ్ళుగా జనం దవడల్లో వేలు పట్టని చోట పని చేస్తున్నవాణ్ణి, నాలుగు వైర్లు కలపలేనా?

నీ డబ్బాని దుప్పట్లలో చుట్టి అల్మరాలో పడేశాను. అయినా నా జాగ్రత్తలో నేనుండి, ఆ అల్మరా ముందు నీ గురించి మంచిగానే మాట్లాడుతున్నాను.

మీ అక్కయ్య కులాసా.

నీ బావ,
పళ్ళ డాక్టరు


షాపు, వెనక సరుకు గది

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఎంత బంక పూశారో గాని, బ్లేడుతో కోస్తే మీ రెండో పేజీ కూడా కొంత తెగింది. స్టాంపు ఎక్కడ దొరుకుతుందని అడిగితే మా షాపులో అందరూ నన్ను అదోలా చూశారు. మాట్లాడే డబ్బాలు అమ్మేవాణ్ణి ఉత్తరాలు రాస్తున్నానని తెలిస్తే నా ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించండి.

మీ మాటలు కంపెనీ వింటుందని బాధపడుతున్నారు. మీరు ఇంట్లో మాట్లాడేది చిగుళ్ళ గురించి. అవి దొంగిలించి ఎవడు బాగుపడతాడండీ?

సొంత తయారీ అనగానే మీ చెల్లెలు, అదే, నా ఇల్లాలు, చేతిలో పని ఆపేసింది. పోయినసారి మీరు సొంతంగా బాగు చేసింది ప్రెషర్ కుక్కర్. దాని విజిల్ ఇంకా సీలింగులోనే ఉందనుకుంటాను. బాత్రూంలో ఒక మామూలు బల్బు పెట్టుకుంటే పోయేదానికి, కొరివితో తల గోక్కుంటానంటే నేనేం చెయ్యను?

ఇంతకీ అక్కయ్య ఏమంటోంది? మీరు కులాసా అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మా అక్క గురించి ఒక్క ముక్కలో రాయడం కుదరదని మీకూ తెలుసు.

మీ బావమరిది


మేడ మీద వాటా, మధ్య గదిలో నేల మీద,
వైర్ల మధ్య

ఏమోయ్ బావమరిదీ,

పెట్టె పలికింది. మొదటిసారి పలికినప్పుడు, నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి. తర్వాత చూస్తే అది పొగ.

ఇప్పుడు అంతా సర్దుకుంది. లైట్లు, కర్టెన్లు, వీధి తలుపు, నీళ్ళ మోటారు, అన్నీ దాని చేతిలోనే. స్విచ్చులన్నీ పీకేశాను. పుచ్చిన పన్నుని జాలిపడి ఉంచితే పక్క పన్ను పాడవుతుంది. స్విచ్చు కూడా అంతే. అది ఉన్నంతకాలం మనిషి చెయ్యి దాని మీదకే పోతుంది, ఇంటితో మాట్లాడడం అలవాటు కాదు. ఆ కన్నాలన్నీ పూడ్చి, నునుపు చేసి, పాలిష్ పెట్టాను. ఎంత నాజూగ్గా కుదిరిందంటే, మీ అక్కయ్య వంటింటి గోడని తడుముతూనే ఉంది, స్విచ్చు ఎక్కడుండేదో దొరకలేదు.

దానికి వినడం ఎలా నేర్పాననుకున్నావు? క్లినిక్కులో రోజంతా నేను మాట్లాడే మాటలే రికార్డు చేసి పోశాను. నా గొంతు తప్ప ఇంకో గొంతు వినదు. దొంగ వచ్చి తలుపు తియ్యమని బతిమాలినా తియ్యదు. మామూలు మాటలకల్లా ఉలిక్కిపడకుండా ఒక పిలుపు కూడా పెట్టాలి. నాకు నోటికి అలవాటైన మాటే పెట్టాను. "ఇదిగో" అంటే చాలు, పలుకుతుంది.

మీ అక్కయ్య కూడా రెండు ఆదివారాలు కూర్చుని పెద్ద సాయమే చేసింది. ఏం సాయమో ఇప్పుడు చెప్పను. వచ్చినప్పుడు నువ్వే విని ముక్కున వేలేసుకుంటావు.

నీ బావ


షాపు

బావగారూ,

పని మీద ఉన్నాను, ఒక్క మాట. "ఇదిగో" అంటే మీ ఇంట్లో పలికేది మా అక్క కదండీ? పెళ్ళైనప్పటి నుంచీ మీరు ఆవిణ్ణి పిలిచేది అలాగే కదా? ఇప్పుడు ఇద్దరూ పలుకుతున్నారా?

మీ బావమరిది


మేడ మీద వాటా,
ప్రశాంతంగా

ఏమోయ్,

అన్నీ అనుమానాలే నీకు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. పొద్దున లేచి "ఇదిగో" అంటాను. "చెప్పండి" అని వినిపిస్తుంది. కర్టెన్ తియ్యమంటే "సరేనండి". మోటారు వెయ్యమంటే "అలాగేనండి". మీ అక్కయ్య గొంతు ఇంత మెత్తగా నేనెప్పుడూ వినలేదంటే నమ్ము. ఏం చెప్పినా ఎదురు మాట లేదు.

చిన్న ముచ్చట ఒకటి జరిగింది. కింది వాటా లెక్చరర్ గారు దవడ పట్టుకుని పైకి వచ్చారు. క్లినిక్కుదాకా నడవలేనంటే మధ్య గదిలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. "ఇదిగో, ఇలా వెలుగులోకి తిరిగి బాగా తెరవండి" అన్నాను. ఆయన నోరు తెరిచారు. "సరేనండి" అని కర్టెన్లు తెరుచుకున్నాయి, వీధి తలుపు కూడా బార్లా తెరుచుకుంది. ఎదురింటి మేడ మీద జనం ఆయన అంగిలిదాకా చూశారు. నేను కంగారుపడకుండా నా పని నేను చేసుకుని, "ఇదిగో, పుక్కిలించి ఉమ్మెయ్యండి" అన్నాను. క్లినిక్కులో ఆ మాటకి నీళ్ళ చప్పుడే ఎప్పుడూ వినిపిస్తుంది కదా, పెట్టె అది కూడా నేర్చుకున్నట్టుంది, మోటారు వేసింది. ట్యాంకు పొంగి కింద ఆరేసిన లెక్చరర్ గారి బట్టలన్నీ మళ్ళీ ఉతికినట్టయ్యాయి.

ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. మెట్లు దిగుతూ, "లోపల్నించి మాట మాటకీ సరేనండి అంటున్నారు, మీ ఆవిడ ఎంత నెమ్మదస్తురాలండీ" అన్నారు. నేనూ కాదనలేదు.

నీ బావ


మా ఇల్లు, వంటింటి అరుగు మీద
(హాల్లో చోటు లేదు, ఎందుకో చదవండి)

బావగారూ,

మీ ఉత్తరం పోస్టులో వచ్చేసరికి, ఎదురు మాట లేని ఆ అక్కయ్య నా ఎదురుగా సోఫాలో కూర్చుని ఉంది. అప్పటికి నాలుగు రోజులైంది వచ్చి. రెండు బట్టల పెట్టెలు, ఒక కుట్టు మిషనుతో వచ్చింది. కుట్టు మిషను తెచ్చుకున్న మనిషి చుట్టపుచూపుగా వచ్చినట్టు కాదని మీ చెల్లెలు అంటోంది.

"సరేనండి" అన్న ముక్క దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. మా అక్క పుట్టినప్పటి నుంచీ ఎవరికైనా సరేనండి అని ఉంటే, అది మీ చేత పన్ను పీకించుకుని నోట్లో దూది ఉన్న రోజే.

జరిగింది ఆవిడే చెప్పింది. మీరు రెండు ఆదివారాలు కూర్చోబెట్టి సరేనండి, అలాగేనండి, మీరు చెప్పినట్టే చేశానండి అని చదివించారట. ఎందుకంటే, ఆ పెట్టెకి ఆవిడ గొంతు పెట్టడానికి. ముచ్చటపడి చదివింది పాపం. తర్వాత ఓ సాయంత్రం రెండు చేతులా సంచులతో బజారు నుంచి వచ్చి, చీకట్లో నిలబడి, "ఇదిగో, లైటు వెయ్యి" అందట. "మీరెవరో తెలియలేదండి" అందట పెట్టె. ఆవిడ గొంతుతో. "నేను ఇంటిదాన్ని" అంటే, "ఇంటివారిని అడిగి చెబుతానండి" అందట. మళ్ళీ ఆవిడ గొంతుతోనే. చాలాసేపు వాదించుకున్నారట ఇద్దరూ. తనలో తను పోట్లాడుకుంటోందని కింది వాటావాళ్ళు మెట్లదాకా వచ్చి చూసి వెళ్ళారట.

అది కూడా ఓర్చుకునేదే. అప్పుడు మీరు వచ్చారు. "ఇదిగో, లైటు" అన్నారు. వెలిగింది. సంచులతో నిలబడ్డ మనిషిని పక్కనే పెట్టుకుని ఆ పెట్టెని తట్టి, "ఈ ఇంట్లో నా మాట వినేది నువ్వొక్కదానివే" అన్నారట. అన్నారా, లేదా? అది రాయండి ముందు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. డాక్టరు గారికి నేను చెప్పాలా?

అక్క ఏడవడం లేదు, తిట్టడం లేదు. "ఆ ఇంట్లో నేను ఒకదాన్ని ఉన్నానుగా, ఇంకో నేను ఎందుకు" అంటోంది. అలా నెమ్మదిగా మాట్లాడుతుంటే నాకు భయంగా ఉంది.

మీ బావమరిది


క్లినిక్కు, వెనక గది

బావమరిదీ,

అన్నాను. నవ్వులాటకి అన్నాను. ఆ మాట పెట్టెతో అన్నానని నేననుకున్నాను గాని, పక్కన మనిషికి ఎలా వినపడుతుందో ఆలోచించలేదు.

రెండు రోజుల్లో కోపం తగ్గి వచ్చేస్తుందనుకున్నాను. అందుకే నీకు అలా రాశాను. రాసిన ప్రతి మాటా నిజమేగా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను కూడా.

నీ ఉత్తరం చదివాక ఇంట్లో కూర్చుని "ఇదిగో" అన్నాను. "చెప్పండి" అంది. "నాదేనా తప్పు" అన్నాను. "సరేనండి" అంది. "నన్ను నాలుగు తిట్టు" అన్నాను. "అలాగేనండి" అని ఊరుకుంది. తిట్టడం దానికి రాదు. నేను నేర్పలేదు.

నిజంగా చెబుతున్నాను, నాకు బెంగగా ఉంది. అసలు గొంతు లేని ఇంట్లో ఆ గొంతే రోజంతా ఒప్పుకుంటూ తిరుగుతుంటే అన్నం సయించడం లేదు. "ఏమిటా పనికిమాలిన పని" అని ఒక్కసారి ఎవరైనా అంటే బాగుండును. ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ బాగు చేస్తానే గాని, నా నోటికి డాక్టరు లేడు.

ఈ ఉత్తరం మీ అక్కయ్యకి చూపించకు.

నీ బావ


మా ఇల్లు, బాల్కనీ
(నా మంచం ఇప్పుడు ఇక్కడే)

బావగారూ,

చూపించలేదు. కానీ పరిస్థితి చెయ్యి దాటుతోంది.

అక్క వచ్చిన మర్నాడే మా ఇంట్లో మాట్లాడే డబ్బాని అడిగింది, "నేనెవరో తెలుసా" అని. మా డబ్బా మంచిది, "అతిథులకు స్వాగతం" అంది. ఆ అతిథి అన్న మాట ఎక్కడ గుచ్చుకుందో గాని, మధ్యాహ్నానికి డబ్బా చెత్తబుట్టలో ఉంది. అడిగితే మీ చెల్లెలు, "వదినగారు చేసింది సబబే" అంది. మా ఇంట్లో ఇప్పుడు లైటు కావాలంటే లేచి వెళ్ళాలి. లేచి వెళ్ళేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

పులి మీద పుట్రలా, తోచడం లేదని షాపుకి రావడం మొదలెట్టింది. కొనడానికి వచ్చినవాళ్ళని పక్కకి పిలిచి, "ఇంట్లో మీ ఆయన నోరెలాంటిది?" అని అడుగుతుంది. మెత్తనిదైతే కొనుక్కోమంటుంది, కాకపోతే వద్దంటుంది. ఓనరు వెళ్ళగొడతాడనుకున్నాను. జనం ఆవిణ్ణి అడిగితేగాని కొనమని క్యూ కడుతున్నారు. నిన్న ఆయన అక్కకి కుర్చీ వేయించి, "అమ్మా, నెల నెలా జీతం ఇస్తాను, ఇక్కడే ఉండిపోండి" అన్నాడు. "వచ్చే సోమవారం చెబుతాను" అంది. నవ్వులాట కాదు బావగారూ, ఆలోచిస్తోంది. ఈ ఊళ్ళోనే చిన్న గది చూడమని మీ చెల్లెల్ని అడిగిందట.

మీరు క్షమాపణలూ అవీ రాయకండి. మీరు రాసిచ్చినవి చదివి చదివి ఆవిడకి విరక్తి పుట్టింది. ఏదైనా చెయ్యండి. సోమవారం లోగా.

మీ బావమరిది


క్లినిక్కు
(ఇంట్లో రాయడానికి వెలుగు లేదు)

బావమరిదీ,

చేసింది చెబుతాను, పూర్తిగా చదువు.

ముందు పెట్టెలో ఉన్న మీ అక్కయ్య పలుకులన్నీ చెరిపేద్దామని కూర్చున్నాను. ఆ రెండు ఆదివారాల రికార్డింగులు తెరిస్తే, వాక్యాలు పట్టుకుని మిగతాదంతా కత్తిరించి ఓ పక్కన పారేసిన ముక్కలు కనిపించాయి. విన్నాను. "ఏమండీ, ఇంకా ఎన్నున్నాయి?" "ఏమండీ, పాలు పొంగుతున్నాయేమో చూసొస్తాను." "ఈ వాక్యం ఎవరు రాశారండీ, మీరు చెప్పినట్టే చేశానండి అని? నోరు తిరగడం లేదు." తర్వాత నవ్వు. ఆ తర్వాత, "ఏమండీ, మీరు పొద్దుట్నించీ ఏమీ తినలేదు." పనికిరావని నేను పారేసినవి అవి. వాటిల్లో మీ అక్కయ్య ఉంది. నేను దాచుకున్న వాక్యాల్లో లేదు.

అన్నీ విన్నాను. క్లినిక్కుకి ఆలస్యంగా వెళ్ళాను. ఎందుకు కళ్ళు అలా ఉన్నాయని నర్సమ్మ అడిగితే మత్తుమందు పడిందన్నాను.

తర్వాత చేసింది ఇది. ఆ పారేసిన ముక్కలన్నీ పోసి, పెట్టెకి మళ్ళీ మొదట్నించీ వినడం నేర్పాను. ఇప్పుడది మీ అక్కయ్య గొంతు తప్ప ఇంకొకటి వినదు. "ఏమండీ" అని ఆవిడ పిలిస్తేనే పలుకుతుంది. పలకడానికి ఆవిడ గొంతు తీసేసి నాది పెట్టాను. రెండే మాటలు నేర్పాను, "చెప్పు", "అలాగే". నేను ఎంత గొంతు చించుకున్నా ఉలకదు, పలకదు. నిన్న సాయంత్రం బతిమాలాను కూడా. స్విచ్చులు లేవు కదా, నేను పూడ్చిన గోడే నన్ను వెక్కిరించింది. తడుముకుంటూ వెళ్ళి పడుకున్నాను. మోటారు నడవక నీళ్ళు లెక్చరర్ గారి దగ్గర బిందెతో తెచ్చుకుంటున్నాను. ఆయన, "మీ ఆవిడ ఊళ్ళో లేరా?" అన్నారు. "లేదండీ, అలిగి వెళ్ళింది, నాదే తప్పు" అన్నాను. మొదటిసారి పైకి అనడం.

గోడలు తవ్వి స్విచ్చులు తిరిగి పెట్టిస్తున్నాను. ఎంత పాలిష్ పెట్టానో, సుత్తితో కొట్టినా ఊడడం లేదు.

ఇది కూడా మీ అక్కయ్యకి చూపించకు. ఆవిణ్ణి జాలితో రప్పించుకున్నట్టు ఉండకూడదు.

నీ బావ


మా ఇల్లు, హాలు
(సోఫా ఖాళీ అయింది)

బావగారూ,

చూపించలేదు. టేబుల్ మీద మర్చిపోయాను. ఆవిడ కంటికి ఆనకపోతే, రెండోసారి ఇంకాస్త ముందుకి జరిపి మర్చిపోయాను. చదివి, మడిచి, "మీ బావ బిందె మోస్తున్నారా? నడుం నొప్పి మనిషి" అంది. మీకిది అందేసరికి ఆవిడే అందుతుంది. కుట్టు మిషను తర్వాత పంపమంది. మా ఓనరు మీ మీద కోపంగా ఉన్నాడు.

మీ బావమరిది


మేడ మీద వాటా, మధ్య గది

ఏమోయ్ బావమరిదీ,

పెట్టె ఏమైందని అడుగుతావు, ముందే చెప్పేస్తాను. దానికిప్పుడు నీళ్ళ మోటారు ఒక్కటే అప్పగించాం. మాట తీసేశాం. ట్యాంకు నిండితే ఆపుతుంది, అంతే. దాని బతుకు అది బతుకుతోంది.

మీ అక్కయ్య వచ్చిన రోజు సంగతి రాయడానికి కూర్చున్నాను. ఆ మధ్యాహ్నమే ఈ గదికి స్విచ్చు పెట్టించాను. అయినా వెయ్యకుండా చీకట్లో కూర్చున్నాను. ఆవిడ గుమ్మంలోంచి పిలవాలి, ఇల్లంతా ఒక్కసారి వెలగాలి అని నా సంబరం. వచ్చింది. చీకట్లోనే బట్టల పెట్టె దించింది. కుర్చీ తడుముకుని కూర్చుంది. తను నోరు విప్పితే ఇల్లు పలుకుతుందని నీ దగ్గరే చదువుకుని వచ్చిందాయె, అందుకే విప్పలేదు. ముందు నేనే మాట్లాడాలని ఎదురుచూస్తోంది కాబోలు. ఎన్నో అనుకున్నాను గాని, అన్నీ రాసిచ్చిన వాక్యాల్లా తోచాయి.

మంచినీళ్ళైనా ఇద్దామని లేచాను. ఆవిడ బట్టల పెట్టె నా మోకాలికి తగిలి, దాని మీంచి బోర్లా పడ్డాను. ఆ చప్పుడుకి, "ఏమండీ, లైటు వెయ్యండి ముందు, ఎక్కడ తగిలింది?" అంది.

"అలాగే" అన్నాను. నేను కాదు, మూలనున్న పెట్టె. నా గొంతుతో. ఇల్లంతా వెలిగింది, కర్టెన్లు తెరుచుకున్నాయి, ఎదురింటివాళ్ళు మళ్ళీ చూశారు. నేను నేల మీద పడి ఉన్నాను. ఆవిడ నా వైపు చూసింది, పెట్టె వైపు చూసింది.

"నేను పిలిచింది దాన్ని కాదు, మిమ్మల్ని" అంది.

లేచి వెళ్ళి పెట్టె వైరు లాగేసింది. వెలిగినవన్నీ ఆరిపోయాయి. చీకట్లో అక్కడే నిలబడి మళ్ళీ "ఏమండీ" అంది. ఇంట్లో ఇంకెవరూ పలకలేదు.

"చెప్పు" అన్నాను.

"లైటు వెయ్యండి."

గోడ పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి వేశాను.

నీ బావ